స్లీవ్ సర్జరీ అయిన నాలుగో వారం: బరువు ఆగిందని తిండి తగ్గించకండి

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి. వయసు 36. స్లీవ్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్, అయ్యి నాలుగో వారం నడుస్తోంది. ఆపరేషన్ రోజు 112 కిలోలు, రెండు వారాలకి 105. అక్కడి నుంచి 12 రోజులుగా అంకె కదలడం లేదు, ఒకరోజైతే 105.6 చూపించింది. థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర వాడుతున్నారు. ప్రొటీన్ పొడి వాసనకే కడుపులో తిప్పుతోందని మానేశారు. కుట్లు పూర్తిగా మానేదాకా పప్పు, గుడ్డు వద్దని మీ అమ్మగారు అంటున్నారు. మీ అనుమానాలు మూడు: ఆపరేషన్ ఫెయిలయిందా, పొట్ట మళ్ళీ సాగిపోయిందా, రాత్రి తిండి మానేస్తే తగ్గడం మొదలవుతుందా. చివర్లో వచ్చే నెల మీ తమ్ముడి పెళ్ళి గురించి కూడా అడిగారు.

ఫెయిల్ కాలేదు. సాగలేదు. రాత్రి తిండి మానకండి. నిజానికి మీరు రాసిన దాంట్లో నాకు కంగారు పుట్టించింది బరువు కాదు, రోజంతా ఏం తింటున్నారో రాసిన ఆ నాలుగు లైన్లు. వాటి దగ్గరికి వస్తాను.

నేను డాక్టరుని కాను. హైదరాబాద్‌లో బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే సర్జరీల విభాగంలో డైటీషియన్‌గా ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాను. డిశ్చార్జి రోజు డైట్ చార్టు చేతిలో పెట్టేదీ, మూడో వారంలో "మేడమ్, బరువు ఆగిపోయింది" అనే ఫోన్లు ఎత్తేదీ నేనే. ఆ ఫోన్ చెయ్యని పేషెంట్లే తక్కువ. అమెరికాలో, ఇంగ్లండులో పేషెంట్లు దీనికి ‘త్రీ వీక్ స్టాల్’ (మూడో వారం ఆగుడు) అని పేరు కూడా పెట్టుకున్నారు. సరిగ్గా మూడో వారమే రావాలని లేదు. రెండో వారం నుంచి ఆరో వారం లోపు ఎప్పుడైనా వస్తుంది, వారం నుంచి మూడు వారాలు ఉంటుంది, పోతుంది.

ఎందుకు వస్తుందో మీ అంకెలతోనే లెక్క వేసి చూపిస్తాను. మీ ఎత్తు 160 సెంటీమీటర్లన్నారు. ఆ ఎత్తు, 112 కిలోల బరువు ఉన్న 36 ఏళ్ళ ఆడమనిషి ఒంటికి, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉన్నా, రోజుకి సుమారు 2100 కేలరీలు కావాలి. మీరు తింటున్నది 500 దాకా ఉంటుంది. అంటే రోజుకి 1600 కేలరీల లోటు. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7700 కేలరీల లోటు పడాలి. ఈ లెక్కన మొదటి రెండు వారాల్లో మీ ఒంట్లో కరగగలిగిన కొవ్వు మూడు కిలోలు. కానీ మెషీన్ ఏడు కిలోలు తగ్గినట్టు చూపించింది. మిగతా నాలుగు కిలోలు ఏమైనట్టు?

ఎక్కువ భాగం నీళ్ళు. మన లివర్‌లో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండి నిల్వ ఉంటుంది, మొత్తం మీద అర కిలో వరకు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌ని అంటిపెట్టుకుని సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి ఒక్కసారిగా పడిపోగానే శరీరం ముందు వాడుకునేది ఈ నిల్వనే. అది ఖర్చవుతుంటే దాన్ని పట్టుకున్న నీరు మూత్రంలో వెళ్ళిపోతుంది. దాంతోపాటు ఇన్సులిన్ తగ్గుతుంది, కిడ్నీలు ఉప్పుని బయటికి పంపుతాయి, ఉప్పు వెంట మరికాస్త నీరు పోతుంది. పేగులు ఖాళీ అవుతాయి. కొంత కండ కూడా పోతుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను. మొదటి రెండు వారాల్లో అందరూ మురిసిపోయే ఆ పెద్ద అంకెలో సగానికి పైగా ఇదే.

ఇప్పుడు రెండో సగం. లిక్విడ్ డైట్ నుంచి మెత్తటి తిండికి వచ్చారు. జావ, మెత్తగా చేసిన అన్నం, చారు మొదలయ్యాయి. పిండి పదార్థం వచ్చింది, ఉప్పు వచ్చింది. శరీరం పోగొట్టుకున్న నీటిని మళ్ళీ పట్టుకోవడం మొదలుపెడుతుంది. లోపల గాయం మానుతోంది, అక్కడా కొంత నీరు చేరుతుంది. నాలుగు రోజులకోసారి కానీ విరేచనం కావడం లేదని రాశారు, అది కూడా బరువే. ఈ 12 రోజుల్లో మీకు రెండు కిలోల పైచిలుకు కొవ్వు కరిగే ఉంటుంది. అంతే బరువు నీరు వచ్చి ఆ ఖాళీని పూడ్చింది. మెషీన్‌కి కొవ్వూ నీరూ తేడా తెలియదు. అందుకని 105 అనే చూపిస్తోంది. ఇంట్లో కాళ్ళకి కరెంటు తగిలించి ‘బాడీ ఫ్యాట్ ఇంత శాతం’ అని చెప్పే మెషీన్లున్నాయి చూశారా, ఒంట్లో నీరు ఇలా అటూ ఇటూ అవుతున్న వారాల్లో వాటి మాట అసలు నమ్మకండి.

ఇది సర్జరీ అయినవాళ్ళకే వచ్చే వింత కూడా కాదు. 1944, 45ల్లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని, వాళ్ళ అంగీకారంతోనే, 24 వారాల పాటు సగం కడుపుకి ఉంచి పరిశీలించాడు. మనుషులు చిక్కి శల్యమవుతుంటే కాళ్ళకి మాత్రం నీరు పట్టింది. ఆ నీటి బరువు వల్ల అసలు ఎంత తగ్గారో తూకంలో పూర్తిగా కనపడలేదు.

పొట్ట సాగిందేమోనన్న భయం గురించి. మొదటి వారంలో రెండు చెంచాలకే నిండినట్టుండేది, ఇప్పుడు చారన్నం చిన్న గిన్నెడు తినేస్తున్నానన్నారు. మొదటి వారంలో లోపల వాపు ఉంటుంది, అది తగ్గాక కాస్త చోటు పెరగడం మామూలే. స్లీవ్‌లో పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. అందులోనూ తీసేసేది బాగా సాగే గుణమున్న పైభాగం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేదీ అక్కడే. మిగిలిన గొట్టం నాలుగు వారాల్లో సాగిపోదు. అసలు కారణం వేరే: చారన్నం పల్చగా ఉంటుంది కాబట్టి ఆ గొట్టంలో నిలవదు, జారిపోతుంది. ఎంత తిన్నా నిండినట్టు అనిపించదు. అదే గిన్నెడు ముద్దపప్పో, మెత్తగా మెదిపిన చేపో తిని చూడండి, సగంలోనే ఆగిపోతారు.

ఇక మీ రోజువారీ తిండి. పొద్దున గ్లాసు రాగి జావ. పదకొండింటికి కొబ్బరి నీళ్ళు. మధ్యాహ్నం మిక్సీలో వేసిన చారన్నం, పల్చటి మజ్జిగ. సాయంత్రం యాపిల్ జ్యూస్. రాత్రి మళ్ళీ జావ, పడుకునే ముందు అర గ్లాసు పాలు. ఇది మన ఇళ్ళలో ఏ ఆపరేషన్ అయినా పెట్టే పథ్యమే. పెట్టేవాళ్ళ ప్రేమలో లోటేమీ లేదు. కానీ ప్రొటీన్ లెక్క చూడండి. గ్లాసు జావలో పడేది రెండు చెంచాల రాగిపిండి, అందులో ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. పల్చటి మజ్జిగలో ఒకటో రెండో గ్రాములు. అర గ్లాసు పాలలో మూడు. అన్నంలో ఒకటి, రెండు. కొబ్బరి నీళ్ళు, జ్యూస్ ఈ లెక్కలోకే రావు. నేను ఎంత ఉదారంగా కూడినా 15 గ్రాములు దాటడం లేదు. మీకు కావలసింది రోజుకి కనీసం 60 గ్రాములు, 80 అయితే ఇంకా మంచిది. పైగా గ్లాసు యాపిల్ జ్యూస్‌లో మీరు పంచదార వెయ్యకపోయినా ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. తియ్యగా ఉండేది అదొక్కటే కదా అని అలవాటైపోతుంది. ముందు దాన్ని ఆపండి.

ప్రొటీన్ అందకపోతే బరువు తగ్గడం ఆగిపోతుందని కాదు. తగ్గేది కొవ్వుకి బదులు కండ అవుతుంది. అదీ అసలు నష్టం. కండ తగ్గితే శరీరం రోజూ ఖర్చుపెట్టే కేలరీలు కూడా తగ్గుతాయి. ఏడాది తర్వాత నిజంగా బరువు ఆగినప్పుడు దాని ఫలితం కనిపిస్తుంది. మెట్లెక్కితే కాళ్ళు వణకడం, మూడో నెల నుంచి గుప్పెళ్ళకొద్దీ జుట్టు ఊడటం, ఇవన్నీ దీనితో ముడిపడి ఉన్నవే. జుట్టు కొంత ఊడటం అందరికీ ఉంటుంది, సర్జరీ వల్ల ఒంటి మీద పడ్డ ఒత్తిడికి కుదుళ్ళు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్తాయి, తర్వాత మళ్ళీ వస్తుంది. ప్రొటీన్, ఐరన్ తక్కువైతే ఊడేది ఎక్కువ, తిరిగి రావడం ఆలస్యం. ఇప్పుడు రాత్రి తిండి కూడా మానేస్తే ఈ 15 గ్రాములు పదికి వస్తాయి. నేను వద్దంటున్నది అందుకే.

అమ్మగారి మాట. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద అనే మాటలు మన దగ్గర ప్రతి ఇంట్లో వింటాం. చీము పట్టేది క్రిములు చేరితే, పప్పు తింటే కాదు. నిజానికి గాయం పూడటానికి కావలసిన సరుకు ప్రొటీనే. మీరు పప్పు మానేయడం వల్ల కుట్లు మానడం ఆలస్యమయ్యే అవకాశమే ఎక్కువ. ఈ విషయం కూతురు చెప్తే అమ్మలు వినరు, నాకు బాగా తెలుసు. వచ్చే రివ్యూకి అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్ళండి, సర్జన్ నోటితో చెప్పించండి. మా దగ్గర ఆ పని మీద మూడు నిమిషాలు ఖర్చుపెడితే మూడు నెలల గొడవ తప్పుతుంది.

మరి ఏం తినాలి? మీ ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన చార్టే మీకు ప్రమాణం, ఎందుకంటే మెత్తటి తిండికి ఎప్పుడు మారాలన్నది ఒక్కొక్క చోట ఒక్కో వారం ఉంటుంది. నాలుగో వారంలో మెత్తటి తిండి మీద ఉన్న మా పేషెంటుకైతే ఇలా చెప్తాను. పొద్దున ఎనిమిదింటికి 150 మిల్లీలీటర్ల పాలలో ఒక స్కూపు ప్రొటీన్ పొడి, అరగంట పాటు కొంచెం కొంచెంగా. అక్కడే 25 గ్రాములు వచ్చేస్తుంది. పదిన్నరకి మెత్తగా ఉడికించి మెదిపిన గుడ్డు, ఆరు గ్రాములు. మధ్యాహ్నం ముద్దపప్పు, పప్పుగుత్తితో బాగా ఎనిపి, నాలుగైదు చెంచాలు. పప్పుచారు కాదు, దాంట్లో పప్పు కంటే చారే ఎక్కువ. అన్నం ఒక చెంచా కలుపుకుంటే కలుపుకోండి, అది రుచి కోసం. సాయంత్రం పల్చటి గుడ్డలో మూటగట్టి నీరు కారనిచ్చిన గట్టి పెరుగు చిన్న గిన్నెడు. రాత్రి ఏడింటికి కొరమీనులాంటి ముళ్ళు తక్కువున్న చేప, ఉడికించి, వేళ్ళతో తడిమి ముళ్ళు లేవని చూసుకుని, కాస్త పులుసు నీటితో మెదిపి రెండు మూడు చెంచాలు. చేప తినని వాళ్ళు మెత్తటి పనీర్‌ని చేత్తో పొడిపొడిగా చిదిపి తినొచ్చు. పడుకునే ముందు పాలు. మొత్తం 55 దాటుతుంది, మధ్యలో ఇంకో అర స్కూపు పడితే సరిపోతుంది. శాకాహారులకి ఈ మొదటి రెండు మూడు నెలలు పొడి లేకుండా 60 చేరడం చాలా కష్టం. ఆ మాట మొహమాటం లేకుండా చెప్తున్నాను.

పొడి వాసన పడకపోవడం మీ తప్పు కాదు. సర్జరీ తర్వాత చాలామందికి రుచీ వాసనా మారిపోతాయి, నిన్నటి దాకా ఇష్టమైన వెనిల్లా ఇవాళ వాంతి తెప్పిస్తుంది. ఏ ఫ్లేవరూ లేని పొడి కొనండి. ఉప్పు, జీలకర్ర పొడి వేసిన చల్లటి మజ్జిగలో కలపండి, లేదా గోరువెచ్చగా చల్లారిన పప్పులో కలపండి. మరిగే వాటిలో వేస్తే ఉండకట్టి రబ్బరులా అవుతుంది. చల్లగా ఉంటే వాసన తక్కువ తెలుస్తుంది. పాలతో తీసుకున్నప్పుడు కడుపు ఉబ్బరం, నీళ్ళ విరేచనాలు అయితే పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర పడటం లేదేమో. వే ఐసోలేట్ (పాల విరుగుడు నీటి నుంచి తీసి శుద్ధి చేసిన ప్రొటీన్) రకం పొడిలో అది బాగా తక్కువ. పెద్ద డబ్బా కొనకండి, ముందు చిన్న ప్యాకెట్లు తెచ్చి రుచి చూడండి. ఇళ్ళలో సగం వాడి అటక మీద పడేసిన డబ్బాల ఖరీదు కూడితే ఇంకో ఆపరేషన్ చేయించుకోవచ్చు!

నీళ్ళ సంగతి పప్పు కంటే ముందు చెప్పాల్సింది. ఈ వారాల్లో మళ్ళీ ఆసుపత్రిలో చేరేవాళ్ళలో ఒంట్లో నీరు తగ్గి వచ్చేవాళ్ళే చాలామంది. రోజుకి లీటరున్నర తగ్గకూడదు. మీరు గటగటా తాగలేరు కాబట్టి పొద్దున లేచినప్పటి నుంచి చిన్న సీసా చేతిలోనే ఉండాలి, రెండు మూడు నిమిషాలకో గుక్క. తింటున్నప్పుడు మాత్రం నీళ్ళు వద్దు, తిన్నాక అరగంట ఆగండి. మధ్యలో నీళ్ళు తాగితే తిండి త్వరగా జారిపోతుంది, లేదా నిండి పైకి తన్నుతుంది. మూత్రం ముదురు పసుపుగా వస్తే, లేవగానే కళ్ళు తిరిగితే నీళ్ళు చాలడం లేదని అర్థం. విచిత్రం ఏమిటంటే నీరు పట్టేస్తుందేమోనని నీళ్ళు తగ్గించేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే మలబద్ధకం పెరుగుతుంది, బరువు ఇంకా కదలదు.

మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. అందులో నీరు తీసే మందు కలిసి ఉంటే, తాగే నీళ్ళు తక్కువై బీపీ బాగా పడిపోవచ్చు. ఇంట్లో రోజూ బీపీ చూసి రాసిపెట్టుకోండి, ఆ కాగితం డాక్టరుకి చూపించండి. సర్జరీ తర్వాత మోతాదు తగ్గించాల్సి రావడం మామూలు. షుగర్ ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ పాత మోతాదులోనే వేసుకుంటూ ఈ కొద్దిపాటి తిండి తింటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. మందులు మీ అంతట మీరు మార్చకండి, అలాగని ఫోన్ చేయడం ఆలస్యం చేయకండి. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకోండి. కాల్షియం, ఐరన్ దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. ఆ రెండూ కలిపి కూడా వేసుకోవద్దు, మధ్యలో రెండు గంటలు ఉండాలి. కాల్షియం సిట్రేట్ అని రాసున్నదే తీసుకోండి, పొట్టలో యాసిడ్ తక్కువగా ఉన్నా అది ఒంటికి పడుతుంది. మల్టీవిటమిన్, బి12 జీవితాంతం. ఇవి ‘బలానికి’ వేసుకునే మాత్రలు కావు, నెల తర్వాత మానేసేవి అంతకన్నా కావు.

తినే తీరు. చిన్నపిల్లలకి తినిపించే చెంచా తీసుకోండి. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, నోటిలోనే జావ అయ్యేదాకా నమిలి, మింగి, చెంచా కింద పెట్టి, కాసేపు ఆగి, అప్పుడు రెండోది. భోజనానికి ఇరవై ముప్ఫై నిమిషాలు. కడుపు నిండిందన్న సంకేతం మీకు ఇదివరకటిలా రాదు. ఒకరికి ఎక్కిళ్ళు, ఒకరికి వరసగా తుమ్ములు, ఇంకొకరికి ముక్కు కారడం, ఛాతీ మధ్యలో చిన్న ఒత్తిడి. మీకేది వస్తుందో కనిపెట్టండి. అది రాగానే ఆపేయాలి, కంచంలో ఒక్క చెంచానే మిగిలినా సరే. ఆ ఒక్కటీ తింటే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి తెలుసు: గుండెల్లో పట్టేసినట్టయి, నోట్లో నురగలా లాలాజలం ఊరుతూ, వాంతి అయ్యేదాకా కుదుట పడదు. పొడిగా ఉండే కోడి మాంసం ముక్క, చపాతీ, బ్రెడ్డు, ముద్దలా అయిన అన్నం ఎక్కువగా ఇలా అడ్డం పడతాయి. "ఇంకొక్క ముద్ద" అని కంచం పక్కన కూచునే పెద్దవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఒకసారి రెండుసార్లు అలా వాంతి అయితే కంగారు అక్కర్లేదు. రోజూ అవుతుంటే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. ఇక్కడ కాస్త గట్టిగా చెప్తాను. వారాల తరబడి వాంతులైతే ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటుతుంది. దాని నిల్వలు కొద్ది వారాలకే ఉంటాయి. ఆ స్థితిలో నీరసంగా ఉందని ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటే, ఆ గ్లూకోజ్‌ని వాడుకోవడానికి ఉన్న కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడుకి దెబ్బ తగలొచ్చు. నడకలో తూలు, ఒకటి రెండుగా కనపడటం, మాటలో అయోమయం దాని గుర్తులు. కాబట్టి సెలైన్ పెట్టించుకోవాల్సి వస్తే "నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, వాంతులవుతున్నాయి, ముందు థయమిన్ ఇవ్వాలి" అని మీరే చెప్పాలి. వీలైనంత వరకు ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళండి. అలాగే ఒళ్ళు నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మాత్రగా కానీ ఇంజెక్షన్‌గా కానీ వద్దు, పుండ్లు పడతాయి. పారాసెటమాల్ సరిపోతుంది.

ఫోన్ కూడా చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాల్సినవి: విశ్రాంతిగా ఉన్నా నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం. పొట్ట లోపలి కుట్టు దగ్గర లీక్ అయితే ఇలా ఉంటుంది, నాలుగో వారంలో కూడా అయ్యే అవకాశం ఉంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, నల్లటి విరేచనం, రోజంతా గుక్కెడు నీళ్ళు కూడా లోపల నిలవకపోవడం, వీటికి కూడా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. మీకు ఇవేవీ లేవని రాశారు కాబట్టే ఇంత తీరికగా జవాబు ఇస్తున్నాను.

బరువు రోజుకి మూడుసార్లు చూసుకుంటున్నానన్నారు. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున బాత్రూముకి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు. మిగతా రోజులు మెషీన్ మంచం కింద ఉండనివ్వండి, కుదరకపోతే పక్కింట్లో పెట్టించండి. దానికి బదులు టేపు తీసుకుని నడుము, తుంటి, భుజం దగ్గర చెయ్యి కొలిచి రాసుకోండి. బరువు ఆగిన వారాల్లోనే జాకెట్టు చేతులు వదులయ్యాయని చెప్పేవాళ్ళు చాలామంది. నెలసరి ముందు వారం ఒకటి రెండు కిలోలు నీరు చేరడం ఇదివరకూ ఉండేదే, ఇప్పుడూ ఉంటుంది. సర్జరీ తర్వాత తొలి నెలల్లో నెలసరి తప్పి రావడమూ ఉంది. పీసీఓడీ వల్ల గర్భం రాదనుకున్నవాళ్ళకి కూడా బరువు తగ్గుతుంటే త్వరగా రావచ్చు. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు కాబట్టి గర్భనిరోధకం గురించి డాక్టరుని అడగండి.

వాట్సాప్ గ్రూపులో ఎవరో నాలుగు వారాల్లో 14 కిలోలు తగ్గారని మీరు బాధపడ్డారు. ఆయన మగవాడు, 150 కిలోలతో మొదలుపెట్టాడని మీరే రాశారు. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళకి, మగవాళ్ళకి మొదట్లో వేగంగా పోతుంది. స్లీవ్ అయినవాళ్ళు ఏడాది, ఏడాదిన్నరకి మొదటి బరువులో పాతిక శాతం, కాస్త అటూ ఇటూగా తగ్గుతారు. మీ విషయంలో అది 28 కిలోలు, కొందరికి ఇంకా ఎక్కువ. నాలుగు వారాలకి ఏడు కిలోలంటే వెనకబడ్డట్టు కాదు. దారిలో ఇంకో రెండు మూడుసార్లు ఇలాగే ఆగుతుంది కూడా.

ఎప్పుడు అనుమానపడాలి? నాలుగు వారాలు దాటినా అంకె కదలక, కొలతలూ మారకపోతే అప్పుడు తిండి డైరీ తీద్దాం. ఐదారు నెలల తర్వాత ఆగితే అప్పుడు నేను ముందు అడిగేది చేగోడీలు, కారప్పూస, బిస్కెట్లు, ఐస్‌క్రీం, బూస్ట్ గురించి. నోట్లో కరిగి జారిపోయేవి గంటల తరబడి తింటున్నా నిండినట్టు అనిపించవు. ఈ వారాల్లో ఆ ప్రశ్న మీకు అవసరం లేదు. నడక మాత్రం పెంచండి, ఒకేసారి కాకుండా పది పది నిమిషాలుగా. బిందెలు ఎత్తడం, బరువులు మోయడం ఆరు వారాల దాకా వద్దు. సర్జన్ సరేనన్నాక కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చిన్న డంబెల్స్ లాంటివి మొదలుపెడితే కండ నిలబడుతుంది.

తమ్ముడి పెళ్ళికి వెళ్ళండి, అప్పటికి ఎనిమిదో వారం ఉంటుంది. ఇంటి దగ్గరే ప్రొటీన్ తీసుకుని బయల్దేరండి, సీసా నీళ్ళు వెంట ఉంచుకోండి. బంతిలో కూర్చోండి, కూర్చోకపోతే వంద ప్రశ్నలు వేస్తారు. పప్పు, పెరుగు, మెత్తటి కూర ఏదైనా నాలుగు చెంచాలు నిదానంగా తింటూ పక్కవాళ్ళతో మాట్లాడుతుంటే ఎవరూ పట్టించుకోరు. బూరె, లడ్డు, పులిహోర వద్దు. తీపి ఎక్కువైతే స్లీవ్ వాళ్ళకి కూడా గుండె దడ, చెమటలు పట్టేవాళ్ళున్నారు, గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టని చిన్నది చేసి నేరుగా పేగుకి కలిపే ఇంకో రకం బరువు తగ్గే ఆపరేషన్) అయినవాళ్ళకి మరీనూ. సర్జరీ సంగతి చుట్టాలకి చెప్పాలో వద్దో మీ ఇష్టం. గ్యాస్ట్రిక్ ట్రబుల్, డాక్టరు కొంచెమే తినమన్నాడు అంటే మన పెళ్ళిళ్ళలో ఇంకెవరూ రెండో ప్రశ్న వెయ్యరు. పెళ్ళి నుంచి వచ్చిన వారం మాత్రం బరువు చూసుకోకండి. నిద్రలేమి, బయటి తిండిలోని ఉప్పు కలిసి ఒకటి రెండు కిలోలు ఎక్కువే చూపిస్తుంది, మీరు మళ్ళీ నాకు ఇదే ప్రశ్న పంపిస్తారు.